మొదటి మాట

నాకిప్పుడు 54 ఏండ్లు. సంఘపు పనితోపాటు, బడులకు పోయి పిల్లలకు ధైర్యము చెప్పు ఉపన్యాసములు ప్రారంభింపవలెనని తలంచితిని. అందుకై ఒక నోటుపుస్తకమునిండ గొప్పవారి విజయములను వ్రాసికొంటిని.

గత వేసవిలో, పదవ తరగతి తప్పిన కుఱ్ఱవానిని వాని తల్లి మా యింటికి తీసికొనివచ్చెను. నేను పుస్తకము తెఱచి అరగంట మాటలాడితిని. వాడు తల యెత్తలేదు. తుదకు, “అయ్యగారూ, మీరెప్పుడైనా తప్పారా?” అని యడిగెను.

నా నోట మాట రాలేదు. ఇంటరులో లెక్కలు తప్పితిని. ఆ సంగతి నా పిల్లలకైనను చెప్పియుండలేదు. ఆ సాయంకాలము వానికి చెప్పితిని. ఫలితములు వచ్చిన రాత్రి నేను చెరువుగట్టున దాగియుండగా, మా నాయన లాంతరుతో వెదకుచు వచ్చి, “అన్నం చల్లారిపోతోంది, రా” అని మాత్రమే అనెను. ఇది విని కుఱ్ఱవాడు తల యెత్తెను.

అమెరికాలో డేల్ కార్నెగీ 1912లో న్యూయార్కు వై.యం.సి.ఏ.లో పెద్దలకు ఉపన్యాసకళ నేర్పుటకు రాత్రి తరగతులు ప్రారంభించెను. అక్కడ అతడు విద్యార్థులను తమ బ్రతుకులనుగూర్చియే మాటలాడుమనెను. తన అనుభవమును చెప్పువానికి భయము తగ్గునని అతడు కనుగొనెను.

కాబట్టి నా ఏర్పాటు మారినది. బడులు తెరచిన పిమ్మట మా ఊరి ఉన్నత పాఠశాలలో పది నిమిషములు చాలును. నోటుపుస్తకము ఇంటనే యుండును. మొదటి మాట, “నేనూ తప్పినవాణ్ణే” అనునదే.

అయితే అంతకు ముందు, ఈ ఆదివారము భోజనమువేళ, ఆ మాట నా పిల్లలతో చెప్పవలసియున్నది.