వంతెన దాటిన ప్రార్థన

ఆ వంతెన మధ్యలో ఏనుగు వీపులా పైకి లేచి ఉంటుంది. ఈ చివర నిలబడితే ఆ చివర ఏముందో కనిపించదు. 1965 మార్చి 7, ఆదివారం... దాదాపు ఆరువందల మంది అలాగే ఎక్కారు. నడిమికి చేరి చూస్తే ఎదురుగా లాఠీలతో పోలీసులు!

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంది సెల్మా. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే అట్లాంటా నుంచి కారులో మూడు గంటలపైనే ప్రయాణం. మాంట్‌గోమరీ మీదుగా వెళితే ఈ వంతెన దాటే ఊళ్లో అడుగుపెడతాం. కానీ ముందు చూడాల్సింది వంతెన కాదు, దానికి కాస్త దూరంలోని బ్రౌన్ చాపెల్ చర్చి. ఎర్రటి ఇటుక గోడలు, రెండు గోపురాలు. 1908లో కట్టారు.

అప్పట్లో ఈ ప్రాంతంలో ఓటు వేసే వయసున్న నల్లజాతివారు సుమారు 15 వేల మంది. జాబితాలో పేరున్నవాళ్లు నాలుగొందలు కూడా లేరు! నమోదుకు వెళితే కష్టమైన పరీక్షలు పెట్టి తిప్పిపంపేవారు. చర్చిలో ప్రార్థన చేసుకుని, ఓటుహక్కు అడగడానికి అక్కడి నుంచే బయల్దేరేవారు.

ఆ ఆదివారం లాఠీలు విరుచుకుపడ్డాయి. పాతికేళ్ల జాన్ లూయిస్ తల పగిలింది. ఆ దృశ్యాలు టీవీల్లో చూసి దేశం నివ్వెరపోయింది. మార్టిన్ లూథర్ కింగ్ మతపెద్దలందర్నీ రమ్మని పిలిచారు. క్యాథలిక్ సన్యాసినులు, పాస్టర్లు, యూదుమత గురువులు తరలివచ్చారు. అలా బోస్టన్ నుంచి వచ్చిన తెల్లజాతి పాస్టర్ జేమ్స్ రీబ్‌ని కొందరు కొట్టి చంపారు. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు.

మార్చి 21న చర్చి నుంచి మళ్లీ నడక మొదలైంది. మాంట్‌గోమరీకి 54 మైళ్లు. ముందు వరసలో కింగ్‌తోపాటు యూదు గురువు అబ్రహాం హెషెల్ నడిచారు. తన కాళ్లే ప్రార్థన చేస్తున్నట్టు అనిపించిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 25న రాజధాని చేరేసరికి వాళ్లు పాతికవేల మంది! ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది.

అక్కడితో కథ ముగియలేదు. ఆ చట్టంలో కీలకమైన ఓ నిబంధనను 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరిదాకా ఆ హక్కు కోసమే మాట్లాడిన జాన్ లూయిస్ 2020 జులైలో కన్నుమూశారు. గులాబీ రేకులు పరిచిన ఇదే వంతెన మీదుగా ఆయన పార్థివదేహాన్ని గుర్రబ్బండిలో తీసుకెళ్లారు. అవతలి చివర ఆరోజు కూడా రాష్ట్ర పోలీసులు నిలబడి ఉన్నారు... సెల్యూట్ చేస్తూ.