స్పీడ్ ఎక్కడ ఆగిపోతోంది?

300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నవాళ్లు ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, 40 దగ్గరే ఆగితే ముందు కంపెనీని తిట్టుకుంటారు. ఆ తిట్టు సగం న్యాయమే. కనెక్షన్‌తో పాటు ఇచ్చే చవక మోడెమ్‌లు కొన్నింటిలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో పక్కింటి, పైయింటి వైఫైలన్నీ ఆ ఇరుకు సందులోనే తోసుకుంటాయి.

కేబుల్ పెట్టినా తిప్పలే. నాలుగు పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్‌వి అయిన పెట్టెలున్నాయి. ఆ మిగతా పోర్టుల్లో గుచ్చితే టెస్టు 95 దాటదు. ఆ అంకె కనబడితే అనుమానించాల్సింది ప్లాన్‌ను కాదు, పోర్టునో కేబుల్‌నో. కేబుల్ లోపల నీలం, గోధుమ రంగు జతల్లో ఒక తీగ తెగినా గిగాబిట్ కాస్తా 100కు పడిపోవచ్చు.

అలాగని పెట్టె మార్చడమే అన్నిటికీ మందు కాదు: 50 ఎంబీపీఎస్ ప్లాన్‌వాళ్లకు కేబుల్ మీద 50 వస్తుంటే ఖరీదైన రౌటర్‌తో ఇంటర్నెట్ వేగం పెరగదు.

జర్మనీలోనైతే 2016 ఆగస్టు నుంచి కంపెనీ ఇచ్చే పెట్టెకు బదులు సొంత మోడెమ్ పెట్టుకోవడం వినియోగదారుడికి చట్టం ఇచ్చిన హక్కు.