ఇయ్యాల ఏమున్నది?

మెండోర దిక్కు చుట్టాలొస్తున్నారంటే ఆదివారం తిండి ముచ్చట శనివారమే మొదలవుతుంది. హైదరాబాద్ వాళ్లయితే అంకాపూర్ దేశీ కోడి కావాలంటారు. నిజామాబాద్ నుంచి ఆర్మూర్ పోయే తోవలో ఉన్న ఆ ఊరు ఎర్రజొన్న విత్తనానికి, మక్కకు, పసుపుకు ఎంత పేరు పొందిందో కోడికూరకూ అంత పేరు పొందింది. అక్కడ ముందుగా ఫోన్ చేసి కోడి చెప్పుకోవాలి. నాటుకోడి ముక్క గట్టిది, తీరిగ్గా ఉడకాలి. అందుకే పండగపూట చెప్పకుండా పోయినవాళ్లకు ‘ఒడిసినయి అన్నా, ముందుగాల చెప్తే అయితుండె’ అనే జవాబు వస్తుంది.

ఆ జవాబంటే నాకు గౌరవం. వచ్చిన బేరాన్ని వదులుకోలేక హడావిడిగా ఉడికీ ఉడకని ముక్క పెట్టడం కన్నా లేదని చెప్పి పంపడమే నిజాయితీ. అక్కడ నిలబడి బతిమాలితే పొయ్యి దగ్గరి మనిషికి ఇబ్బంది, ముందే చెప్పుకున్నవాళ్లకు ఆలస్యం.

అలాంటప్పుడు నేను చుట్టాలను పోచంపాడుకు తీసుకుపోతాను. ఆర్మూర్‌లో 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి పోతే చాలు. 1963 జూలై 26న నెహ్రూ అక్కడ గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. 2016లో మెండోర మండలమైనప్పుడు పోచంపాడు ఆ మండలంలోకే వచ్చింది. శ్రీరాంసాగర్ నీళ్లు పొలాలకు పంటనిచ్చినట్టే గంగపుత్రుల వలలకు చేపనిచ్చాయి. ఆ చేపే డ్యాం దగ్గరి పొయ్యిల మీద వేగుతుంది.

వానాకాలంలో నీటిమట్టం 1091 అడుగులకు చేరువై గేట్లెత్తితే అక్కడా జనమే. పేరు పడ్డ హోటల్లో బల్ల దొరకదు. అప్పుడు నాలుగడుగులు వేసి పక్క పొయ్యిలు చూడాలి. చేప మన కళ్లముందే కోస్తున్నారా, మూకుట్లో నూనె నల్లబడిందా, ఊరివాళ్లు కూర్చుని తింటున్నారా అన్నవి చూసుకుంటే చాలు. ఆ తర్వాత ‘ఫలానా చేప ఉందా’ అనకుండా ‘ఇయ్యాల ఏమున్నది?’ అని అడగాలి. రవ్వ ఉందంటే రవ్వ, బొచ్చె ఉందంటే బొచ్చె. పొద్దున వలలో పడ్డదే ఆ పూటకు మంచి చేప.

అలవాటైన చోట మనకు తెలిసిన రుచినే మళ్లీ కోరుకుంటాం. అదీ సుఖమే, కాదనను. కొత్త చోట మాత్రం వండేవాళ్ల చేతికి మన నోరు అప్పగిస్తాం. ఒకరు చింతపండు పులుసు చిక్కగా పెడతారు, ఇంకొకరు అల్లంవెల్లుల్లి, కారం దట్టంగా పట్టించి వేయిస్తారు. చేప ఒకే నీళ్లది, పసుపు ఈ చేన్లదే అయినా చెయ్యి మారితే రుచి మారుతుంది. ఒక్క హోటల్‌కే అలవాటు పడితే మన ప్రాంతపు వంటలో ఒక్క ముద్దే తిన్నట్టు.

ఇంకో సంగతి కూడా ఉంది. పేరున్నవాళ్ల దగ్గర చోటు లేని రోజు, బోర్డు కూడా లేని చిన్న పొయ్యికి నాలుగు బేరాలు దొరికే రోజు. ఆ ఇంట్లో పిల్లల ఫీజులకు, నూనె డబ్బాకు ఆ బేరాలే ఆధారం. మనం తృప్తిగా తిని, బాగుందని నలుగురికి చెబితే రేపు అదీ పేరున్న చోటవుతుంది. అంకాపూర్ కూరకు పేరొచ్చింది తిన్నవాళ్లు అట్లా చెప్పుకోవడం వల్లనే.