ఖండనకూ మరణానికీ ఒకే తూకం

కోవిడ్ రెండో దశలో ఆక్సిజన్ కొరత వల్ల మరణించినవారి వివరాలను రాష్ట్రాలు గానీ కేంద్రపాలిత ప్రాంతాలు గానీ ప్రత్యేకంగా నివేదించలేదని 2021 జూలై 20న కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు లిఖితపూర్వకంగా తెలిపినప్పుడు, పలు పత్రికలు దానిని ప్రభుత్వ వాదనగా ఒకవైపు, ప్రతిపక్షాల ఆగ్రహాన్ని మరోవైపు ఉంచి, అదే సమతూకమని భావించాయి. పాత్రికేయ విమర్శకులు దీనిని కృత్రిమ సమతౌల్యం అంటారు; అంటే, ఆధారబలం ఏమాత్రం సమానం కాని రెండు మాటలకు సమానమైన చోటునిచ్చి, సత్యనిర్ణయ భారాన్ని పాఠకుడిపైకి నెట్టివేయడం.

అప్పటికి రెండు నెలల క్రితమే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది మరణించారని జిల్లా కలెక్టరే ప్రకటించారు. ఢిల్లీలో మే 1న బత్రా ఆసుపత్రి తన వైద్యులలో ఒకరితో సహా 12 మందిని అదే కారణంగా కోల్పోయింది. ఇవి ఎవరి ఆరోపణలూ కావు, అవే పత్రికలు మొదటి పుటల్లో అచ్చువేసిన వార్తలు.

నిజానికి ఆ సమాధానంలోని కీలకమంతా 'నివేదించలేదు' అన్న క్రియలోనే ఉంది. మరణాలు జరగలేదని అది చెప్పలేదు, లెక్క తమకు చేరలేదని మాత్రమే చెప్పింది. ఆ తేడాను విప్పిచెప్పి, మరణ ధ్రువపత్రంలో ఆక్సిజన్ కొరతను కారణంగా ఎందుకు రాయరో అడిగి, తమ పాత సంచికలనే తిరగేసి ఆ వాక్యం పక్కన నిలపవలసిన పని విలేకరులది, సంపాదకులది.