చేతిలో చెలమ

మా గుత్తిలో నీళ్ళ విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. కోటగుట్ట పెనంలా కాలుతుంటే, ఊరంతా మబ్బుకోసం మొహం వాచి చూస్తుంటే, నా అరచేతుల్లో మాత్రం ఏడాది పొడుగునా చెలమ ఊరుతూనే ఉంటుంది. "చేతిలో తడి ఉన్నదాని ఇంట్లో గింజ తరగదులేమ్మీ" అనేది మా అవ్వ.

గింజల సంగతేమోగాని, బి.ఏ. పరీక్షల్లో నా చేతికింద సిరా అలుక్కుపోయేది. రుమాలు మడిచి కింద పెట్టుకుని రాసేదాన్ని. ఇప్పటికీ నవలలన్నీ అలాగే రాస్తున్నాను. పెళ్ళిపీటలమీద మావారు నా చెయ్యి పట్టుకుని, "భయమా?" అని గుసగుసగా అడిగారు. భయమూ లేదు, పాడూ లేదు! చెప్పడానికి సిగ్గేసి తలూపాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన దృష్టిలో నేను పిరికిదాన్నే.

మా అమ్మాయికీ ఇదే రాకపోయుంటే నవ్వుకుని ఊరుకుందును. "ఇంటర్వ్యూలో చెయ్యి కలపాలమ్మా. ఇంజక్షన్లు చేయించుకుంటా" అంది. బొటాక్స్ అట! ముడతలు పోవడానికి సినిమా తారలు వాడేది. పుట్టుకకు విషం. నా గుండె గుభేలుమంది.

బెంగళూరు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. దీనిపేరు హైపర్‌హైడ్రోసిస్. చెమట గ్రంథికి నరం పంపే కబురును ఈ మందు మధ్యలో ఆపేస్తుంది. చంకల చెమటకు అమెరికాలో 2004లోనే అనుమతించారు. అరచేతుల్లో అయితే సూదులు చాలా పడతాయి, నొప్పి ఎక్కువ, కొన్నాళ్ళు వేళ్ళ పట్టు తగ్గవచ్చు. గుణం కొన్ని నెలలే, తర్వాత మళ్ళీ మామూలే. అందుకే ముందు పూతమందు వాడమంది. వాడాం. మంట మిగిలింది.

ఈ విషం లక్షణాలను 1820ల్లో వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు కెర్నర్ కవి కూడానని చదివాను. మా రాతగాళ్ళ జట్టేననుకుని కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

సూదులు పడుతున్నంతసేపూ దాని భుజం పట్టుకు కూచున్నాను. పదిరోజులకు పొడి అరచేత్తో నా చెంప నిమిరి, "జబ్బుకు పేరుందిగా అమ్మా, ఇంకా సిగ్గెందుకు?" అంది. కొంగుకు చెయ్యి తుడుచుకోకుండా దాని చెంప నేనెన్నడైనా తాకానా?

ఆ రాత్రి మావారితో, "పెళ్ళినాడు నాది భయం కాదండీ" అన్నాను.

ఆయన పేపరు దించకుండానే, "తెలుసులే. అందుకేగా జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళు పెట్టుకునేది" అన్నారు.