మావారి పద్మిని

నిమ్మకాయ ఊరగాయ గురించో, ఎండాకాలం వడియాల గురించో రాయాల్సిన మనిషి పాత కారు గురించి రాస్తోందేమిటా అని ఆశ్చర్యపోతున్నారా? ఇది కారు కథలాగే మొదలవుతుంది గానీ, అసలు సంగతి అరవై దాటిన మగవాళ్ళది. వాళ్ళను కట్టుకున్న మనదీ!

మావారు రిటైరై రెండేళ్ళయింది. మొదటి నెల బంధువుల ఇళ్ళన్నీ తిరిగాం. రెండో నెల బీరువాలు సర్దారు. మూడో నెల నుంచి మొదలైంది చూడండి... పొద్దున పేపరు, తర్వాత టీవీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ టీవీ. నడుమ నడుమ వంటింట్లోకి వచ్చి, "తాలింపుకు ఇంత నూనె ఎందుకే?" అని ఆరా. ముప్పై ఆరేళ్ళుగా నేనొక్కదాన్నే ఏలుకుంటున్న వంటింటికి తనిఖీ ఆఫీసరు వచ్చినట్లయింది! అదైనా సర్దుకుపోవచ్చు. రానురాను ఆ ఆరాలు కూడా తగ్గిపోయాయి. అడిగితే తప్ప మాట లేదు. ఆయనకు ప్రాణమైన రాగిసంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పెట్టినా సగం వదిలేసి లేచేవారు. డాక్టరుకు చూపిస్తే "ఏమీ లేదమ్మా" అన్నారు. చేయడానికి ఏమీ లేకపోవడమే ఆయన జబ్బని నాకప్పుడు తట్టలేదు.

ఒకరోజు మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తీయడానికి పోయాను. నీళ్ళ ట్యాంకు చాటున నిలబడి ఆయన ఫోనులో గుసగుసలాడుతున్నారు. "పద్మిని ఎట్లుంది?... నలభై ఏండ్లయితే ఏమిలే, ఒళ్ళు గట్టిగా ఉంటే చాలు... మా ఇంట్లో మాత్రం ఇప్పుడే చెప్పొద్దబ్బా!"

నా చేతిలో చేట జారిపోయింది. ఈ వయసులో ఇదేం ఖర్మ అనుకుంటూ, "ఎవరయ్యా ఆ పద్మిని?" అని గట్టిగా అడిగాను. ఆయన ఉలిక్కిపడి, "కారే! ప్రీమియర్ పద్మిని కారు!" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత నిదానంగా చెప్పుకొచ్చారు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ వీధిలో ఒక డాక్టరుగారికి ఫియట్ కారుండేదట. ఆదివారం పూట పిల్లలు దాన్ని కడిగితే ఏడు రోడ్ల కూడలి దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చేవారట. ఇటలీ ఫియట్ నమూనాతో బొంబాయి కుర్లాలో 1964 నుంచి తయారైన ఆ బండికే 1970లలో పద్మిని అని పేరు పెట్టారు. ఎప్పటికైనా అది కొనాలని ఆయన కోరిక. కొనాలన్న వయసులో స్కూటరు కొన్నాం. కొనగలిగిన వయసులో పిల్లల ఫీజులు, అమ్మాయి పెళ్ళి. ఆయన ఒక్కనాడు నోరు తెరిచి అడగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఎన్నడూ అడగలేదు, "నీకేం కావాల"ని.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ రాత్రి పక్క దులుపుతుంటే దిండు కింద బ్యాంకు ఫారం దొరికింది. ఇద్దరి పేరా ఉన్న ఫిక్సెడ్ డిపాజిట్టు గడువుకు ముందే తీసుకోవడానికి! నా సంతకం కూడా కావాలి కాబట్టి ఆగింది గానీ, లేకపోతే తెచ్చేసేవారే. అక్కయ్యలూ, ఆ డబ్బు నా మోకాళ్ళ ఆపరేషనుకని నాలుగేళ్ళుగా దాచుకున్నది. మెట్లెక్కితే ప్రాణం పోతుంది నాకు. మూడు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. బెంగుళూరు నుంచి అబ్బాయి ఫోను చేసి, "నాయనకేమైందిమ్మా? ఆ దుడ్డుకు నాలుగేండ్లు వాడిన మంచి కారే వస్తుంది కదా!" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే.

కానీ ఆ మూడు రోజుల్లో నేనొకటి గమనించాను. మాటల్లేకపోయినా ఆయన పాత డైరీ ముందేసుకుని ఏవో లెక్కలు రాసుకుంటున్నారు, బొమ్మలు గీస్తున్నారు. కంచంలో సంగటి మెతుకు మిగలడం లేదు! ఏ మందూ చేయని పని ఆ తుప్పు బండి ఊసే చేస్తోందే అనిపించింది. నాలుగో రోజు నేనే వెళ్ళి ఆ డైరీలోనే నా షరతులు రాశాను.

ఒకటి - డిపాజిట్టు జోలికి పోకూడదు. ఆయన పాడుకున్న చీటీ డబ్బు రెండు లక్షలే హద్దు. బండి ఖరీదు, మరమ్మతు అన్నీ అందులోనే. రెండు - పైసా ఖర్చయినా లెక్క నేను రాస్తాను. మూడు - జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు దూరకూడదు. ఆ పని మెకానిక్కుది. నాలుగు - వారంలో రెండు రోజులు పొద్దుటి వంట ఆయనది. "మీరు రిటైరయ్యారు, మరి నేనెప్పుడు?" అని అడిగాను. జవాబు లేదు. సంతకం పెట్టారు.

ఇక బండి వేట! మావారికి ఇద్దరు సాయంత్రపు నడక స్నేహితులున్నారు. ఒకాయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు, ఇంకొకాయన లారీలు నడిపించి మానుకున్నారు. ముగ్గురికీ కలిపి నూటా తొంభై ఏళ్ళు. నాలుగో మనిషిగా నేను.

మొదట ప్రొద్దుటూరులో స్టాండర్డ్ హెరాల్డ్ చూశాం. 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. చూడముచ్చటగా ఉంది. "సామాను యాడ దొరుకుతాదప్పా?" అని లారీ ఆయన ఒక్క మాట అడిగారు. అమ్మేవాళ్ళ దగ్గర జవాబు లేదు. పాత మిక్సీ నచ్చి కొన్నాక జారుకు బ్లేడు దొరక్కపోతే ఏం చేసుకుంటాం? వచ్చేశాం.

తర్వాత రాయచోటి దగ్గర అంబాసిడర్. 1950ల చివర నుంచి 2014 దాకా కలకత్తా పక్కన ఉత్తరపారాలో తయారైంది కాబట్టి సామాను దొరుకుతుంది. సీటు ఎత్తు, కుర్చీలో కూర్చున్నట్లే ఉంటుంది. నా మోకాళ్ళకు అదే నచ్చింది. తీరా కాగితాలు చూస్తే బండి ఇంకా చనిపోయినాయన పేరు మీదే ఉంది. వారసులు నలుగురు, అందులో ఒకరు కువైట్‌లో. సంతకాలన్నీ ఎప్పటికయ్యేను? మనసు చంపుకుని వదిలేశాం.

మూడోది నెల్లూరులో పద్మిని. కొత్త రంగుతో పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. మావారు అప్పటికే అడ్వాన్సు తీస్తున్నారు. నేను ఇంటినుంచి ఫ్రిజ్జు తలుపుకు అంటించే అయస్కాంతం బొమ్మ తీసుకుపోయాను. మెకానిక్ భాయ్ చెప్పిన చిట్కా అది. పలుచటి గుడ్డ చుట్టి తలుపుల అంచుల్లో, చక్రాల పైన పెట్టి చూశాను. ఇనుముంటే అతుక్కుంటుంది కదా! నాలుగు చోట్ల జారి కింద పడింది. అంటే ఇనుము తుప్పుకు పోయి, పైన మందంగా పుట్టీ మెత్తి రంగేశారన్నమాట. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో రేకు తొందరగా తింటుంది. మా కడప ఎండలు రంగునీ, రబ్బరునీ పాడుచేస్తాయి గానీ రేకును అంతగా తినవు.

అనుకున్నట్లే జమ్మలమడుగులో నాలుగోది దొరికింది. 1985 నాటి పద్మిని. రంగు వెలిసి, సీట్లు చిరిగి, చింతచెట్టు కింద దిగులుగా నిలబడి ఉంది. లోపల పరిచిన చాప ఎత్తి చూస్తే నేల గట్టిగా ఉంది. అయస్కాంతం ఎక్కడ పెట్టినా పట్టుకుంది. ఆర్‌సీ అమ్మేవారి పేరు మీదే ఉంది, ఛాసిస్ నంబరు సరిపోయింది. ఎనభై వేలకు బేరం కుదిరింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ముచ్చట మొదలైతే పనికొస్తుందని నాలుగు మాటలు చెప్తాను, గుర్తుంచుకోండి. బండి చూడటానికి పోయినప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి పెట్టారంటే పొద్దున స్టార్టు కాని సంగతి దాస్తున్నారేమో. ఆయిల్ పోసే మూత లోపల పాలకాఫీ రంగు జిగురు కనిపిస్తే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని మెకానిక్కుకు చూపించాలి. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోంది, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. పక్క రాష్ట్రం బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తప్పనిసరి. 15 ఏళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషను ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. దానికి ఒకప్పుడు 600 రూపాయలుండే ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఇన్సూరెన్సు, గ్రీన్ ట్యాక్సు వేరే. బండి ఖరీదు పక్కన ఇవన్నీ రాసుకున్నాకే 'సరే' అనండి. 50 ఏళ్ళు దాటిన బండ్లకు మాత్రం 2021లో కేంద్రం వింటేజ్ అని వేరే నంబరు వరస పెట్టింది. వాటిని రోజువారీ పనులకు వాడకూడదు.

ఇక మరమ్మతు ఎనిమిది నెలలు పట్టింది. మెకానిక్ భాయ్‌కీ అరవై దాటాయి. ఆయన షెడ్డులో కుర్రాళ్ళకు కంప్యూటరు పెట్టి చూసే కార్లే తెలుసు, కార్బొరేటరు ముట్టుకోవడం రాదు. "మీరు రండి సార్, నేర్చుకోండి" అని మావారిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మావారు ప్రతి మరనూ కిరోసిన్‌తో కడిగి, తెల్లగుడ్డ మీద వరుసగా పేర్చి, చీటీ రాసి పెట్టేవారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదట. అందుకని పెట్రోలు పైపులన్నీ మార్పించాం. బొంబాయిలో ఈ బండ్లు 2023 అక్టోబరు దాకా ట్యాక్సీలుగా తిరిగాయి కాబట్టి సామాను తెప్పించుకోగలిగాం. సీటు కవర్లు నేనే కుట్టాను, మందపాటి చారల గుడ్డతో. ఖర్చు లెక్క ఒక లక్షా తొంభై ఆరు వేల దగ్గర ఆగింది. నాలుగు వేలు మిగిలాయి, మరి లెక్క రాసింది నేను!

చరిత్ర మాస్టారు మధ్యలో ఓ కబురు చెప్పారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముచ్చటపడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ తెప్పించుకున్నాడట. అది చేరకముందే 1911లో ఆయన కన్నుమూశాడు. ఆ కారు ఇప్పుడు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. "ముచ్చట్లు మరీ వాయిదా వేయగూడదమ్మా" అన్నారాయన. ఆ మాట నాకు గుచ్చుకుంది.

బండి సిద్ధమైన ఆదివారం, గువ్వలచెరువు పాలకోవా తెచ్చుకుందామని ఇద్దరమే బయలుదేరాం. ముందు సీటు బెంచీలాగా ఒకటే పొడుగు, గేరు స్టీరింగు పక్కనే. కొత్తపెళ్ళికూతురిలా కూర్చున్నాను. ఘాటు సగం ఎక్కామో లేదో బానెట్టు లోంచి గుప్పున ఆవిరి! పైపు క్లిప్పు బిగించడం మావారే మరిచిపోయారు. వేడి మీద రేడియేటరు మూత తీయకూడదు. చల్లారేదాకా ఆగాలి. రోడ్డు పక్క బండ మీద కూర్చున్నాం. పోయే లారీలన్నీ హారన్లు కొడుతున్నాయి.

చాలాసేపటికి ఆయనన్నారు. "రిటైరైన రోజు దండేసి, శాలువా కప్పి పంపిచ్చినారు. మర్నాటి నుంచి ఒక్కడూ 'సార్, ఇది ఎట్ల చేయాల' అని అడగలేదే. ఈ బండి ఉండాది చూడు, దినామూ ఏదో ఒకటి అడుగుతానే ఉంటాది."

నాకు కళ్ళు చెమర్చాయి. కాసేపాగి అన్నాను. "నేనూ అడుగుతానే ఉండా కదయ్యా ఇన్నేళ్ళూ. దాని మాట వినిపించినట్లు నాది వినిపియ్యలేదా? మోకాళ్ళు నొస్తాండాయని ఎన్నిసార్లు చెప్పినా!" ఆయన ఏమీ మాట్లాడలేదు. లేచి, బాటిల్లో నీళ్ళు పోసి, క్లిప్పు బిగించి, నా చేయి పట్టుకుని కారెక్కించారు.

ఆ వారమే ఆసుపత్రికి తీసుకెళ్ళి నా ఆపరేషనుకు తేదీ వేయించారు. ఇప్పుడు ఆయన వంట కూడా వారానికి రెండు రోజులు కాదు, నాలుగు రోజులు. తాలింపుకు నూనె ఎంత పడుతుందో ఆయనకే తెలిసొచ్చింది!

అక్కయ్యలూ, మీవారూ ఓ మూల కూర్చుని దేనికో దిగులు పడుతుంటే, ఒక్కసారి "నీకేం కావాల"ని అడిగి చూడండి. అది కారే కానక్కర్లేదు. హద్దు మీరు పెట్టండి, లెక్క మీరు రాయండి, మీకేం కావాలో కూడా ఆ డైరీలోనే రాయించండి.

అన్నట్టు, ఆపరేషనుకు పద్మినిలోనే పోదామంటున్నారు మావారు. పోయేటప్పుడు ట్యాక్సీ, వచ్చేటప్పుడు పద్మిని అని రాజీ కుదుర్చుకున్నాను. ఏమంటారు, సరిగ్గానే చేశానా?