లంకెబిందెల యాట

మా మనుమని యెనిమిదవ పుట్టినరోజునకు హోటలులో హాలు మాటలాడుదమని పిల్లవాని తల్లిదండ్రులు తలచిరి. మేము మాత్రము ఇంటనే జరుపుదమంటిమి. భవానీపురములోని మా యిల్లు పెద్దది కాదు. ముందు నాలుగు పూలమొక్కలు, వెనుక చిన్న పెరడు, పైన డాబా, అంతే. అయినను వెదకుటకొక వస్తువును, వెదకునపుడు తోడును ఉన్నచో పిల్లలకు చిన్న పెరడే పెద్ద తోట. కావున ఆ సాయంకాలము వారిచే లంకెబిందెల యాట ఆడింప నిశ్చయించితిమి. అందు మాకు తెలియవచ్చిన మెలకువలను, మేము చేసిన యొక పొరపాటును సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

లంకె యనగా ముడి. జంటగా ముడివైచి భూమిలో పాతిపెట్టిన ధనపు బిందెలను లంకెబిందెలందురు. చిన్ననాడు మా నాయనమ్మగారు చెప్పిన కథలలో ఇవి దొరకని వారు లేరు. నిజముగా దొరకినచో చిక్కే సుమా! 1878వ సంవత్సరపు నిధి చట్టము, నేలలో పది రూపాయలకు మించిన నిధి దొరకినవారు కలెక్టరుగారికి తెలియజేయవలెనని విధించినది. పిల్లల నిధికి అట్టి బాధ లేదు. స్టీవెన్సన్ అను స్కాట్లండు రచయిత 1881 వేసవిలో, తన భార్య తొలి వివాహపు కుమారునితో కలసి పొద్దుపుచ్చుటకై యొక దీవి పటమును గీసెను. ఆ పటమునుండియే ట్రెజర్ ఐలెండ్ అను నవల పుట్టి 1883లో పుస్తకముగా వెలువడెను. ఇంటిలో పిల్లవానితో ఆడుకొన్న యాట ఎంత దూరము పోయినదో చూడుడు!

మేము చేసిన యేర్పాటు ఇది. ఇత్తడి బిందెలు రెంటిని త్రాటితో లంకెవైచి, వానిలో వేరుసెనగ ఉండలను, పిలిచిన 12 మంది పిల్లలకు 12 చిన్న కొండపల్లి బొమ్మలను ఉంచితిమి. తెల్ల పొణికి కఱ్ఱతో చేయు ఆ బొమ్మలు తేలికగా నుండి పిల్లల చేతులలో చక్కగా ఇముడును. ముందుగా నిధిని దాచి, చివరి చీటి మొదట, మొదటి చీటి చివర వ్రాయుట మేలు. అట్లు చేసినచో ఏ చీటి యెచ్చటికి దారి చూపునో తప్పు రాదు. చీట్లు ఆరింటికి మించనీయరాదు. మించినచో చిన్నవారికి విసుగు పుట్టును.

పొయ్యి దగ్గర, నీళ్ల సంపు దగ్గర, కరెంటు మీటల దగ్గర ఏదియు దాచలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్లు త్రొక్కి, బుడమేరు ఊరిమీద పడిన నాటినుండి, పెరటి యిటుకల సందున చేయి పెట్టుటకు మేమే జంకుదుము, పిల్లలను పెట్టనిత్తుమా? డాబా మీద మా పెద్దబ్బాయిని కాపుంచితిమి. గేటు దాటి ఘాటు వైపు పోరాదని ముందే కట్టడి చేసితిమి.

చీట్లన్నియు తెలుగుననే, పొడుపు కథల తీరున వ్రాసితిమి. మొదటిది తులసికోటను గూర్చి: "ఉదయమున నీరు త్రాగును, సందెవేళ దీపము పెట్టుకొనును, కదలక పెరటిలో కాపురముండును." రెండవది రోలు: "ఒకప్పుడు ఇంటిల్లిపాదికి పచ్చడి పెట్టినది, మిక్సీ వచ్చిన పిదప మూల కూర్చున్నది."

ఇక్కడనే మా లెక్క తప్పినది. పిల్లలందఱు మంచి బడులలో చదువువారే, ఇంగ్లీషు గడగడ మాటలాడువారే. తెలుగు చీటి చేతికిచ్చునప్పటికి ఒక్కొక్క యక్షరమే కూడబలుకుకొని, ఒత్తు వచ్చినచోట ఆగి, ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. తప్పు వారిది కాదు. రాత్రివేళ ప్రక్కన కూర్చుండబెట్టుకొని కథ చదివించు నలవాటును మానుకొన్నది మేము.

మా యింట పనిచేయునామె ఆనాడు తన కూతును వెంటబెట్టుకొని వచ్చియుండెను. ఆ పిల్ల ప్రభుత్వ పాఠశాలలో నాల్గవ తరగతి. తల్లి కడిగిన గ్లాసులను వంటింటి గడప దగ్గర తుడుచుచుండెను. మా మనుమడు చీటిని పట్టుకొని పోయి, "నువ్వు చదువు" అని యిచ్చెను. ఆమె తడబాటు లేక చదివెను. పిల్లలందఱు ఆమె చేయి పట్టుకొని పరుగెత్తిరి.

నాల్గవ చీటి ఇట్లుండెను: "ఎడమవైపున అమ్మవారి కొండ, ఎదుట ఏటి నడుమ లంక, ఎచ్చట నిలిచిన కనబడును?" లంక యనగానే పిల్లలు రావణాసురుని తలచుకొని, పూజగదిలోని శ్రీరామ పట్టాభిషేకపు పటము వెనుక వెదకజొచ్చిరి. ఆ పిల్ల మాత్రము నవ్వి, "ఆ లంక కాదు. మా అమ్మమ్మ వాళ్లది దివిసీమలో లంక ఊరే. ఏటి మధ్యన ఉండేదాన్ని లంక అంటారు" అని డాబా మెట్లవైపు చూపెను. పైకి పోయి చూడగా ఎడమ ఇంద్రకీలాద్రి, ఎదుట భవానీ ద్వీపము! చీటి అచ్చటనే దొరకినది.

చివరకు బొమ్మల కొలువు పెట్టె ప్రక్కన, పాత దుప్పటి క్రింద బిందెలు బయటపడినవి. కేకలు మిన్నుముట్టెను. తలకొక బొమ్మ పంచుచుండగా పన్నెండును అయిపోయినవి. అప్పటికే ఆ పిల్ల చేతులు వెనుకకు పెట్టుకొని, గోడవారకు జరిగి, "నాకొద్దండీ అమ్మమ్మగారూ" అనెను. ఎవరును ఏమియు అడుగకముందే అనెను. ఆ మాట యెన్నిచోట్ల అలవాటైనదో!

మేము వెంటనే కొలువు పెట్టె తెఱచి, మా యత్తగారి నాటి అంబారీ యేనుగును ఆమె చేతిలో పెట్టితిమి. ఆమె తల్లి యిచ్చుటకు వీలులేదని వారించెను. బలవంతము మీద పుచ్చుకొనిరి. బొమ్మ పెద్దదే, అందమైనదే. అయినను ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ముందుగా లెక్కించి యుంచినది వాటా. తరువాత తోచి యిచ్చినది కానుక. ఆటనంతయు నడిపిన బిడ్డకు మేము కానుక యిచ్చితిమి కాని వాటా ఉంచలేదు. ఇంటనున్న బిడ్డలను లెక్కించునపుడు మా కన్ను వంటింటి గడప దగ్గఱ ఆగిపోయినది.

సోదరీమణులారా, మీ యింట ఈ యాట ఆడించునపుడు నిధిని సులువుగా దాచుడు, చీట్లను తెలుగున వ్రాయుడు, ప్రమాదపు చోట్లను విడువుడు. అన్నిటికంటె ముందు, ఆ పూట మీ యింటి కప్పు క్రింద నుండు బిడ్డలెందఱో లెక్కించుడు. వచ్చే యేటికి చీట్లు తామే వ్రాసెదమని మా మనుమడును, ఆ పిల్లయు ఇప్పటినుండియే ఆదివారపు సాయంకాలములందు డాబా మీద కూర్చుండుచున్నారు. ఒత్తులు ఆమె దిద్దును. బొమ్మల లెక్క మాత్రము మాదే, ఈమారు పదుమూడు.